నాలుగు సర్వర్ల సాక్ష్యం

"మొన్న ఉదయం తొమ్మిదీ పన్నెండుకి ఊచియావ్ సర్వర్‌ని మిగతా నాలుగింటి నుంచి విడగొట్టింది మీరేనా?"

"నేనే మేడమ్."

"తొమ్మిదీ ఇరవై ఆరుకి చిన్‌ఫా తాతని ఈ ఆసుపత్రికి మోసుకొచ్చారు. పదీ నాలుగుకి ఆయన పోయాడు. ఆ మధ్యలో మీరేం చేస్తున్నారు?"

యౌ చిహాన్ తల ఎత్తలేదు. "మాగోంగ్‌లో నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. గండం గడిచిందనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ కో మెయ్‌యున్ రాయడం ఆపింది. సైబర్ విభాగంలో ఆమెకిది పదకొండో ఏడు. ఇన్నేళ్లలో చాలామంది నేరస్థుల్ని ప్రశ్నించింది గానీ, ఇంత తేలిగ్గా తన మీద తనే నేరం మోపుకునేవాడు తగలలేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఐదు ఆసుపత్రుల ట్రస్టులో నెట్‌వర్క్ ఇంజనీరు. తైనాన్, చియాయి, కావ్‌షుంగ్, మాగోంగ్, చివరగా ఊచియావ్‌లోని ఈ పన్నెండు పడకల దీవి ఆసుపత్రి. ఐదు చోట్లా ఐదు సర్వర్లు. రోగుల వివరాలన్నీ ఐదింటిలోనూ ఒకేలా ఉంటాయి. ఒకటి పాడైతే మిగతావి పని నడిపిస్తాయి. ఆ ఏర్పాటును కాపాడటమే ఇతని ఉద్యోగం.

ఉతికిన దుప్పట్ల గదిలో ఎదురుబొదురుగా కూర్చున్నారు ఇద్దరూ. గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

"ఎందుకు విడగొట్టారు? నాకు కంప్యూటర్ భాష వద్దు. మీ అమ్మకి చెప్పినట్టు చెప్పండి."

"రోజూ తొమ్మిదింటికి ఐదు సర్వర్లూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి మేడమ్. తేడా ఉంటే గంట మోగుతుంది. మొన్న తొమ్మిదీ రెండుకి మోగింది. నాలుగు సర్వర్లు ఒక మాట చెబుతున్నాయి, ఊచియావ్ ఇంకోటి చెబుతోంది. అదే సమయంలో బయట నుంచి దాడి జరుగుతున్న జాడలు కూడా కనిపించాయి. శత్రువు ఊచియావ్‌లో దూరాడనుకున్నాను. మిగతా నాలుగింటికీ పాకకుండా దాన్ని వేరుచేశాను. నిబంధనల పుస్తకంలో రాసి ఉన్నది అదే."

"వేరుచేస్తే ఇక్కడి డాక్టరుకి రికార్డులు కనిపించవని మీకు తెలియదా?"

"తెలుసు. ఐదింటిలో కనీసం మూడు ఒకే మాట మీద ఉంటేనే రికార్డు తెరుచుకుంటుంది. ఒంటరిగా మిగిలిన సర్వర్ నోరు విప్పదు. తప్పుడు వివరం చెప్పడం కంటే అసలు చెప్పకపోవడమే మేలని అలా కట్టాం. నేనే కట్టాను. పది నిమిషాల్లో వేరే దారిన లైను వస్తుందనుకున్నాను. గంట పట్టింది."

ఆ గంటలోనే అంతా అయిపోయింది. ఆల్చిప్ప గీరుకుపోయి చేయి కుళ్లిన డెబ్బై ఒక్క ఏళ్ల చిన్‌ఫా తాత జ్వరంతో మాట తడబడుతూ వచ్చాడు. ఏదైనా మందు పడదా అని కుర్ర డాక్టరు అడిగితే, వినబడీ వినబడని చెవులతో లేదన్నట్టు చెయ్యి ఊపాడు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. పదమూడు నిమిషాల్లో గొంతు వాచి ఊపిరి ఆగిపోయింది. ఆ మందు ఆయనకి పడదన్న సంగతి రెండు గదుల అవతల, నోరు విప్పని పెట్టెలో ఉంది. కనీసం యౌ నమ్మకం అది.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

"ఇంకా ఒప్పుకోలేదా?" అంటూ లోపలికొచ్చాడు ఫాంగ్ తెషెంగ్. ట్రస్టు తైపే నుంచి పిలిపించుకున్న భద్రతా కంపెనీలో పెద్ద పరిశోధకుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టాబ్లెట్. మెయ్‌యున్ కంటే ముందే దీవికొచ్చి నిన్నంతా ఆసుపత్రి తనదే అన్నట్టు తిరిగాడు.

"ఒప్పుకోవడానికి నేనింకా ఏమీ మోపలేదు" అంది మెయ్‌యున్.

"అదేనమ్మా మీ పోలీసులతో వచ్చిన చిక్కు. దాడి జరిగిన రోజున లోపలి నుంచి కదిలిన చెయ్యి ఒక్కటే ఉంది, ఇతనిది. సర్వర్‌ని విడగొట్టిన పాస్‌వర్డు ఇతనిది. ఇంకేం కావాలి?"

"చంపాలనుకున్నవాళ్లెవరూ తమ పేరు పెట్టుకుని చంపరు."

"తెలివిగలవాళ్లు చంపరు." ఫాంగ్ యౌ వైపు చూసి నవ్వాడు. "ఏవయ్యా, నువ్వు అంత తెలివిగలవాడివేనా?"

యౌ ఎవరేమన్నా ఒప్పుకునేలా ఉన్నాడు.

"అయినా మీ కేసు ఇక నిలవదు" అంటూ ఫాంగ్ టాబ్లెట్ ఆమె ముందు పెట్టాడు. "నాలుగు సర్వర్లలో ముసలాయన రికార్డు ఇది. చదవండి. 'అలర్జీలు: లేవు.' లైను ఉన్నా డాక్టరు ఇదే చూసేవాడు, అదే ఇంజెక్షన్ ఇచ్చేవాడు. పడని మందని ఎవరూ నమోదు చెయ్యలేదు. అది హెడ్ నర్సు నిర్లక్ష్యం. సైబర్ నేరం వేరు, చావు వేరు. మధ్యాహ్నం రెండింటికి ఈ దీవి సర్వర్‌ని మిగతావాటితో కలిపేస్తాం. నాలుగూ కలిసి దీన్ని సరిదిద్దుతాయి. రెండున్నర పడవకి నేను వెళ్లిపోతాను. మీరూ వచ్చేయండి, సముద్రం బాగుంది."

"అది నా సాక్ష్యం ఫాంగ్ గారూ. నా సంతకం లేకుండా దాన్ని మీరెలా సరిదిద్దుతారు?"

"పొద్దున్న మీ కమిషనరు చేశారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆమెకి ఆశ్చర్యమూ కలగలేదు. పదకొండేళ్లలో అసలు దాడి చేసినవాణ్ణి ఒక్కణ్ణీ ఆమె కళ్లతో చూడలేదు. వాళ్లెప్పుడూ సముద్రాల అవతల ఏదో గదిలో ఉంటారు. ఇవతల దొరికేది యౌ లాంటివాళ్లే. ఫైలు మూయడానికి ఎవరో ఒకరు కావాలి.

హెడ్ నర్సు హో లిచూ మందుల గదిలో అలమరా తుడుస్తూ కనిపించింది. యాభై ఎనిమిదేళ్లు. దీవిలో సగం మందికి పురుడు పోసిన చేతులు. టాబ్లెట్‌లోని మాట వినగానే గుడ్డ పక్కన విసిరేసింది.

"నేను ఎక్కించలేదా? ఆ తైపే దొరగారు అన్నాడా ఆ మాట? పోయినేడు చంద్రుడి పండగ రోజు ఇన్‌స్పెక్టరమ్మా! ఊరంతా రేవులో మాంసం కాల్చుకుంటున్నాం. చిన్‌ఫా పంటి నొప్పికి అదే మందు వేసుకుని, ఒళ్లంతా దద్దుర్లతో పరుగెత్తుకొచ్చాడు. నా చేతికి మసి కూడా కడుక్కోకుండా వచ్చి సూది వేశాను. ఆయన ఊపిరి కుదుటపడ్డాకే కంప్యూటర్‌లో ఎక్కించాను. మసి వేళ్లకి మీటలన్నీ నల్లబడితే, యౌ బాబే తర్వాత వచ్చి తుడుస్తూ నన్ను తిట్టాడు."

"మర్చిపోయి ఉంటారేమో అక్కా. పండగ హడావిడి కదా?"

లిచూ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది. "మొన్న ఉదయం నేను సెలవులో ఉన్నాను. ఇక్కడుంటే కంప్యూటర్ అక్కర్లేదు, నేనే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. ఆ సంగతి నన్ను చాలానే తింటోంది. చెయ్యని తప్పు కూడా నెత్తిన వెయ్యకండి."

అబద్ధం చెప్పేవాళ్లు ఇన్ని వివరాలు చెప్పరని కాదు. మసి వేళ్ల సంగతి యౌని అడిగితే తేలిపోతుంది. మెయ్‌యున్ దుప్పట్ల గదికి వెళ్లి అడిగింది.

"అవును మేడమ్. పండగ మర్నాడు. మీటలు మార్చాల్సి వచ్చింది."

"ఆవిడ ఏం ఎక్కించిందో చూశారా?"

"లేదు. కానీ ఏదో ఎక్కించారు."

ఒంటిగంటా ఇరవై. మెయ్‌యున్ లేచి నిలబడింది. "పదండి. ఆ పెట్టెని చూద్దాం."

ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన చీకటి గదిలో పెట్టారు సర్వర్‌ని. కిటికీ లేదు. గాలిలో తడిని పీల్చే యంత్రం ఒక మూల గురగురలాడుతోంది. నడుమెత్తు ఇనుప బీరువా, దాని మీద, యంత్రం మొండికెయ్యకూడదని ఇక్కడ అందరూ పెట్టుకునే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్.

"దీని గడువు వసంతంలోనే అయిపోయింది" అంది వెనకాలే వచ్చిన లిచూ. "మార్చమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. యంత్రం బుద్ధిగా ఎలా ఉంటుంది మరి?" జోకేయబోయింది గానీ ఎవరికీ నవ్వు రాలేదు, ఆమెతో సహా.

మెయ్‌యున్ చేతికి తొడుగులు వేసుకుని అంగుళం అంగుళం చూసింది. బీరువా తాళం చెక్కుచెదరలేదు. వెనక దుమ్ము మీద వేలిముద్రలు లేవు. మనిషెవరూ ఇందులో వేలు పెట్టలేదు. బయటికి వెళ్లే నీలం తీగ మాత్రం కొత్తగా గుచ్చి ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"ఫాంగ్ గారి మనుషులు. ఒంటిగంటకి" అన్నాడు యౌ. "రెండింటికి కలపడానికి సిద్ధంగా ఉంచారు."

"కలపకుండానే దీనిలో ఉన్నది చదవడానికి వీలుందా?"

"మరమ్మతు తాళంచెవి ఉంది. దానితో ఈ ఒక్క పెట్టెలో ఉన్నది ఉన్నట్టు చూడొచ్చు. మీరే నా దగ్గర తీసుకుని సంచిలో వేసి సీలు వేశారు."

ఆమె సంచి సీలు చింపుతుండగా ఫాంగ్ గుమ్మంలోకొచ్చాడు. "ఏం చేస్తున్నారు? అది రోగం పట్టిన యంత్రం. ముట్టుకుంటే సాక్ష్యం చెడిపోతుంది."

"అరగంటలో మీరు దాన్ని చెరిపేయబోతున్నారు. అప్పుడు చెడదా?"

"దాన్ని చెరపడం అనరు, సరిదిద్దడం అంటారు. నాలుగు మంచివి ఒక చెడ్డదాన్ని సరిదిద్దుతాయి. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది."

"నాలుగూ మంచివేనని మీకు ఎవరు చెప్పారు?"

"నాలుగూ ఒకటే చెబుతున్నాయి కనక."

మెయ్‌యున్ తాళంచెవి యౌకి ఇచ్చింది. అతను రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి తెరిచాడు. తెర మీద అక్షరాలు నిలిచాయి. ఒంటిగంటా నలభై ఒకటి.

చువాంగ్ చిన్‌ఫా. వయసు డెబ్బై ఒకటి. అలర్జీలు... అక్కడ మందు పేరుంది. పక్కన పండగ తేదీ ఉంది. నమోదు చేసినవారు: హో లిచూ.

లిచూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఫాంగ్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

యౌ మాత్రం తెర వైపు కాక నేల వైపు చూశాడు. "ఉంది. ఇక్కడే ఉంది. నేను విడగొట్టకపోతే..."

"విడగొట్టకపోతే డాక్టరుకి నాలుగింటి మాటే కనిపించేది" అంది మెయ్‌యున్. "అలర్జీలు లేవని. అదే సూది వేసేవాడు."

"అంటే నేనేం చేసినా ఆయన పోయేవాడేనా?"

ఆమె నీ తప్పు కాదని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ అతని ముఖంలో ఊరట ఛాయ కూడా లేదు. తప్పు తనదైతే కనీసం దాన్ని పట్టుకుని ఏడవొచ్చు. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. అతను బీరువాకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు.

"లే తమ్ముడూ" అంది ఆమె మెల్లగా. పొద్దుటి నుంచి అంటున్న 'మీరు' ఎక్కడికో పోయింది. "రోగం పట్టింది దీనికి కాదు. ఆ నాలుగింటికి. ఐదింటిలో నిజం చెబుతున్నది ఇదొక్కటే. నీ గంట సరిగ్గానే మోగింది. దాని అర్థమే తిరగబడింది."

ఈ తెరని ఫొటో తీసుకోవాలి. ఆమె జేబులోంచి ఫోను తీసింది. కెమెరా తెరుచుకునే లోపు తెర ఒక్కసారి మినుకుమంది.

అలర్జీలు: లేవు.

బీరువాలో చిన్న దీపాలు గబగబా కొట్టుకుంటున్నాయి.

"ఏమైంది?" అంది లిచూ. "ఇప్పుడే ఉంది కదా! మీరంతా చూశారు కదా!"

మెయ్‌యున్ ఫాంగ్ వైపు తిరిగింది. "రెండింటికన్నారు."

ఫాంగ్ పెదవులు తడుపుకున్నాడు. "పడవ రెండున్నరకి కదా, రెండింటికి మొదలుపెడితే ఆలస్యమవుతుందని... ముందే మొదలుపెట్టమన్నాను."

ఆమె అతణ్ణి తోసేసి బీరువా వెనక్కి వంగి నీలం తీగని రెండు చేతులా పట్టి లాగింది. గుచ్చిన చోటు విరిగి చేతిలోకొచ్చింది. దీపాలు ఆగాయి.

"మీ మీద కేసు పెడతాను!" అని అరిచాడు ఫాంగ్. "నడుస్తున్న పనిని ధ్వంసం చేశారు!"

"పెట్టండి. యౌ, ఎంత పోయింది?"

యౌ మోకాళ్ల మీదే మీటల దగ్గరికి పాకాడు. "కార్డు నంబరు వరసలో మారుస్తూ వచ్చింది. నూటికి నలభై పోయాయి. మిగతావి పాతవే."

నలభై. అందులో చిన్‌ఫా తాత ఒకడు. ఆయనకి ఆ మందు పడదని చెప్పే అక్షరం భూమ్మీద ఇక ఎక్కడా లేదు. నలుగురు చూశారు, వాళ్లలో ఒకడు ముద్దాయి, ఒకామె నిందితురాలు.

"అక్కా, మీ కార్డు నంబరు చివర్లో ఉంటుందా?"

"తొంభైల్లో మొదలవుతుంది. ఏం?"

"మీ రక్తం ఏ గ్రూపు?"

"ఓ. పాతికేళ్లుగా ఏటా ఇస్తున్నాను."

"యౌ, ఇందులో అక్కది చూడు. ఫాంగ్ గారూ, మీ టాబ్లెట్‌లో నాలుగింటి మాటేమిటో చూడండి."

పెట్టె తెర మీద 'ఓ' అని వచ్చింది. ఫాంగ్ టాబ్లెట్‌లో వెతికి చూశాడు. పైకి చదవకుండా ఆమె చేతికిచ్చేశాడు. అందులో 'ఏ' అని ఉంది.

లిచూ చెయ్యి చాచి తన పేరుని తాకింది. "నాకెవరైనా ఈ రక్తం ఎక్కిస్తే?"



ఫాంగ్ గొంతులో ఇందాకటి ఇస్త్రీ పోయింది. "దాడి నాలుగింటినీ ఒకేసారి ఎలా తాకగలదు? నాలుగు ఊళ్లు, నాలుగు గోడలు. అన్నిటికీ వేర్వేరు తాళాలు."

"అదే నేనూ అడుగుతున్నాను" అంది మెయ్‌యున్. "యౌ, బాగా ఆలోచించి చెప్పు. ఆ నాలుగింటిలో ఉండి, దీనిలో లేనిదేమిటి?"

యౌ కళ్లు మూసుకున్నాడు. "ఐదూ ఒకే రోజు కొన్నవి. ఒకే సాఫ్ట్‌వేర్..." ఆగాడు. కళ్లు తెరిచాడు. "పదకొండు రోజుల కిందట దాడుల నుంచి కాపాడే కొత్త ప్యాకేజీ ఒకటి వచ్చింది మేడమ్. నాలుగింటికీ అదే రోజు ఎక్కింది. ఊచియావ్‌కి మాత్రం ఓడ లంగరు తగిలి సముద్రం తీగ దెబ్బతింది. ఆ రోజుకి లైను అందక ఎక్కలేదు. ఈ వారం ఎక్కిద్దామనుకున్నాను."

"ఆ ప్యాకేజీ ఎవరు పంపారు?"

యౌ ఫాంగ్ వైపు చూశాడు.

ఫాంగ్ గోడకి చెయ్యి ఆనించాడు. "మాది" అన్నాడు. "మా సంతకంతోనే వెళ్లింది. నేనే పరీక్షించాను. అందులో ఏమీ... నేను పరీక్షించినప్పుడు అందులో ఏమీ లేదు."

"మీరు పరీక్షించాక, సంతకం పడే లోపు ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. మీ ఇంట్లోనే." అతణ్ణి దెప్పిపొడవాలని పొద్దుటి నుంచి ఉన్న కోరిక ఆమెలో ఇప్పుడు వెతికినా దొరకలేదు. "ఎన్ని ఆసుపత్రులకి పంపారు?"

"మా ఖాతాదారులందరికీ."

"అంకె చెప్పండి."

"రెండు వందల పదకొండు."

తెగిపోయిన తీగ ఇంకా తన చేతిలోనే ఉందని మెయ్‌యున్ అప్పుడు గమనించింది. మిగతా చోట్ల ఇలాంటి ఒంటరి పెట్టె ఒక్కటి కూడా ఉండదు. అక్కడ అన్నీ ఒకే మాట చెబుతుంటాయి. ఏ గంటా మోగదు.

"ఆపమని ఒక్క ఆజ్ఞ పంపితే?"

"ఆజ్ఞ వెళ్లేది ఆ ప్యాకేజీ లోంచే" అన్నాడు ఫాంగ్.

"అయితే ఫోన్లు. ఒక్కొక్కరికీ. మనుషులు మనుషులకి." ఆమె గోడ మీది పాత టెలిఫోను అందుకుంది. "ముందు ట్రస్టు ఆసుపత్రులు. తైనాన్ ఆపరేషన్ హాలు నంబరు చెప్పండి అక్కా."

లిచూ కంఠతా చెప్పింది. మూడో మోతకి అవతల ఎవరో నర్సు ఎత్తింది.

"నేను ఇన్‌స్పెక్టర్ కో మెయ్‌యున్‌ని. ఊచియావ్ నుంచి మాట్లాడుతున్నాను. మీ రికార్డుల్లో రక్తం గ్రూపులు తప్పు. ఎవరికీ రక్తం ఎక్కించకండి. మళ్లీ పరీక్ష చేసేదాకా ఆగండి."

"ఊచియావ్ నుంచా?" అవతలి గొంతు వెంటనే బిగుసుకుంది. "అమ్మా, పొద్దున్న మాకు నోటీసు వచ్చింది. ఊచియావ్ నుంచి ఏ సమాచారం వచ్చినా నమ్మొద్దని. ఫాంగ్ గారి సంతకంతో."

ఫాంగ్ ఫోను లాక్కున్నాడు. "నేనే ఫాంగ్‌ని! ఆ నోటీసు రాసింది నేనే! నేనే చెబుతున్నాను, ఆపండి!"

"మీ గొంతు నాకెలా తెలుస్తుందండీ? నాలుగు సర్వర్లూ సరిచూసుకున్నాం. నాలుగూ ఒకటే చెబుతున్నాయి." ఆమె మర్యాదగానే, విసుగు లేకుండానే మాట్లాడుతోంది. "అయినా మీరు కాస్త ఆలస్యంగా చేశారు. మూడో బల్ల మీద పేషెంటుకి రక్తం మొదలుపెట్టి ఐదు నిమిషాలైంది."